అరువు గొంతు

వాడు పోయిన సంగతి నాకెవరూ ఫోన్ చేసి చెప్పలేదు. ఎల్బీనగర్ చౌరస్తాలో సిగ్నల్ పడి బండి ఆపితే ఎదురుగా ఫ్లెక్సీ కనిపించింది. పైన 'కన్నీటి నివాళి', మధ్యలో వాడి ముఖం, చుట్టూ నివాళి అర్పిస్తున్నవాళ్ళ ముఖాలు. పోయినవాడి కంటే ఉన్నవాళ్ళ ఫొటోలే ఎక్కువ చోటు తిన్నాయి. వాడి చేతికి ఒక గిటార్ తగిలించారు. వాడికి గిటార్ సరిగ్గా పట్టుకోవడం కూడా రాదు. ఏళ్ళ తరబడి వాడి వెనక కూర్చుని డ్రమ్స్ కొట్టినవాణ్ణి కాబట్టి ఈ మాట నేను ధైర్యంగా చెప్పగలను. వాడికి వచ్చిందల్లా పాడటమే. ఆ ఫ్లెక్సీ మీద గాయకుడు అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. 'మా అభిమాన హీరో' అని ఉంది.

వాడి పేరు రాయను. రాస్తే మీరు వెంటనే ఫోన్ తీసి వెతుకుతారు. మీకు దొరికేది వాడి ముఖం, ఇంకెవరిదో గొంతు. అదే వాడనుకుని మరో పదిమందికి పంపిస్తారు. ఇన్నేళ్ళుగా జరుగుతున్న ఆ తప్పుడు పనికి నేను కూడా ఒక చెయ్యి వేయదలచుకోలేదు.

కొత్తపేట పండ్ల మార్కెట్ ఇంకా బాటసింగారం తరలిపోని రోజుల్లో, ఒక మామిడికాయల వ్యాపారి గోదాం మీద రేకుల గదిలో మా రాక్ బ్యాండు సాధన చేసేది. మాది పోచంపల్లి చీరల వ్యాపారం. పగలంతా దిల్‌సుఖ్‌నగర్‌లో మా నాన్న షాపులో కూర్చుని సాయంత్రానికి అక్కడికి చేరేవాణ్ణి. అందుకే వాడు నన్ను 'సేటూ' అనేవాడు. గిటార్లు వాయించే ఇద్దరూ ఇంజనీరింగ్ కాలేజీవాళ్ళు. వాడొక్కడే రోడ్డు మీది నుంచి వచ్చినవాడు. ఎల్బీనగర్‌లో విజయవాడ రోడ్డు పక్కన నిలబడి, నల్లగొండ వైపు పోయే జీపులకు ప్యాసింజర్లను పిలవడం వాడి పని. బస్సుల హారన్లను దాటుకుని మనిషి చెవిలో పడాలి. వాడి గొంతు ఆ పనిలోనే తయారైంది. గరుకుగా ఉండేది. పైకి పోయినప్పుడు చీలేది. వేరేవాళ్ళయితే అక్కడి నుంచి గబగబా దిగిపోతారు. వాడు ఆ చీలిన చోటే ఇంకాస్త సేపు నిలబడేవాడు. నాకు ఇప్పటికీ ఏ పాటలోనూ అంతటి సుఖం దొరకలేదు.

పాడేముందు చెప్పులు విప్పి ఒక మూలన పెట్టేవాడు. ఒక లవంగం పంటికింద పెట్టుకునేవాడు. ఎడమ చెవి మీద అరచెయ్యి పెట్టి, మా ఎవరి వైపూ చూడకుండా, కిందికి, గోదాంలో బస్తాలు దించే హమాలీల వైపు చూసేవాడు. వాళ్ళు పని ఆపి బస్తాల మీద కూర్చుంటే పాట బాగున్నట్టు. ఆపకపోతే మళ్ళీ మొదటి నుంచి. కాలేజీవాళ్ళు ఎన్ని మెచ్చుకున్నా లెక్కలోకి తీసుకునేవాడు కాదు. పాటకు ముందు మెతుకు ముట్టడు. కడుపు నిండినోడు పాడడు, తేన్పులు తీస్తడు అనేవాడు. పాట అయిపోయాక మాత్రం మిర్చి బజ్జీల బండి దగ్గర మా అందరి వంతూ తానే తినేవాడు.

వాడి మొదటి పాట వాడి పనే. జీపు పక్కన నిలబడి అరిచే ఊర్ల పేర్లు, హయత్‌నగర్, చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్. వాటికి నేను దరువు కట్టాను, కాలేజీవాళ్ళు గిటార్లతో గొడవ జోడించారు. అంతే పాట. మేము దాన్ని ఊర్ల పాట అనేవాళ్ళం. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఉండి సర్కారు ఉద్యోగాల కోసం కోచింగ్ తీసుకునే పిల్లలు ఆ పాటకు పడిచచ్చారు. తమ ఊరి పేరు పాటలో వినడం వాళ్ళకు అదే మొదలు. ప్రోగ్రాం మొదలయ్యేలోపు ఒక్కొక్కడూ స్టేజీ దగ్గరికొచ్చి, అన్నా మాది ఫలానా ఊరు అని చెవిలో వేసిపోయేవాడు. వాడు విన్న ఊరు మరిచిపోయేవాడు కాదు. పాట నడుమ ఆ పేరు పడేసరికి గుంపులో ఏదో ఒక మూల కేకలతో లేచేది. ఆ మూల సద్దుమణిగేలోపు ఇంకో మూల. పాట ప్రతిసారీ పెరుగుతూనే ఉండేది.

దాన్ని స్టూడియోలో రికార్డు చేయిద్దామని కాలేజీవాళ్ళు చాలాసార్లు అడిగారు. వాడు ఒప్పుకోలేదు.

"రికార్డు చేస్తే ఆడికే ఆగిపోతది సేటూ. రేపొచ్చెటోని ఊరు ఏం గావాలె?" అన్నాడు నాతో.

ఇంత తెలివైన మాట చెప్పినవాడు తర్వాత అంత తెలివితక్కువ పని ఎలా చేశాడని మీరు అడగవచ్చు. నేనూ చాలా కాలం అదే అడిగాను.

సరూర్‌నగర్‌లో ఒక ప్రోగ్రాంకు ఒక సినిమా డైరెక్టరు వచ్చాడు. హాస్టల్ పిల్లలు ఊగిపోవడం చూశాడు. రాక్ సింగర్ కథతో సినిమా, హీరో నువ్వే అన్నాడు. మా రేకుల గదిలో ఆ సాయంత్రం పండగే. వాడిని భుజాల మీద ఎత్తుకుని కిందికి దింపితే హమాలీలు కూడా దండ వేశారు. గోదాం గుమ్మానికి ఉన్న మామిడాకుల తోరణమే తీసి దండగా వేశారు, అది వేరే సంగతి. షూటింగ్ నెలలకు నెలలు నడిచింది. అదంతా అయ్యాక ఒకరోజు వాడు నన్ను మలక్‌పేటలో ఒక ఇరానీ హోటల్‌కు పిలిచాడు. సినిమాలో మాటలు ఇంకొకరితో చెప్పిస్తున్నారట. పాటలు కూడా అతనితోనే పాడిస్తున్నారట. డైరెక్టరు కేకలేమీ వేయలేదు, మర్యాదగానే చెప్పాడు. మీ వాయిస్‌లో యాస బాగా తెలిసిపోతోందండీ, అటువైపు జనానికి ఎక్కదండీ, ఫేస్ మాత్రం చాలా బాగుందండీ అన్నాడట.

పాడేవాడి కథ, పాడేవాడే హీరో, పాట మాత్రం వాడిది కాదు. నేను అక్కడే లేచి నిలబడ్డాను. వద్దని చెప్పెయ్, సినిమా పోతే పోతుంది, జీపుల దగ్గరికి పోదాం పద అన్నాను. వాడు ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి, అది మెత్తబడి చాయ్‌లోనే పడిపోయేదాకా చూస్తూ కూర్చున్నాడు.

"ముందుగాల మొఖం తెల్వనియ్యి సేటూ. గొంతు తర్వాత సూసుకుందం."

గొంతు తర్వాత చూసుకుందాం. ఆ తర్వాత చాలా ఏళ్ళు వాడి నోట ఇదే మాట. రెండో సినిమాకు చూసుకుందాం, పెద్ద బ్యానర్ వచ్చాక చూసుకుందాం. హాస్టల్ పిల్లలకు సంగతి తానే చెబుతానన్నాడు. చెప్పలేదు.

సినిమా విడుదలైన రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు మీది థియేటర్లో ఉదయం ఆట. అప్పటికి మెట్రో పిల్లర్లు లేవలేదు కాబట్టి కటౌట్ చాలా దూరం నుంచి కనిపించేది. హాస్టల్ పిల్లలు పాల ప్యాకెట్లు పట్టుకుని కటౌట్ ఎక్కారు. వాళ్ళకు పెద్ద దిక్కు యాదగిరి అని ఒకడు. ఎల్లమ్మగూడెం నుంచి వచ్చి పరీక్షలు రాస్తున్నవాడు. క్లాసులు ఎగ్గొట్టించి అందరినీ థియేటర్‌కు తోలుకొచ్చింది ఆ యాదగిరే. వాడూ నేనూ ముఖాలకు దస్తీలు కట్టుకుని బాల్కనీ చివర కూర్చున్నాం.

పాట రానే వచ్చింది. బాణీ మా ఊర్ల పాటదే. దరువు నాదే. కింద పిల్లలంతా కాగితం ముక్కలు గుప్పిట పట్టుకుని లేచి నిలబడ్డారు, తమ ఊరి పేరు రాగానే ఎగరేయడానికి. తెర మీద వాడు నోరు తెరిచాడు. ఒక నున్నటి గొంతు లండన్ అంది. పారిస్ అంది. సింగపూర్ అంది. కాగితం ఒక్కటి ఎగరలేదు. అంతమందీ అలా గుప్పిళ్ళు పట్టుకునే నిలబడిపోయారు.

వాడి గొంతు మార్చారన్న ఆలోచన వాళ్ళలో ఒక్కరికీ రాలేదు. అంత అపనమ్మకం వాళ్ళకు లేదు. థియేటర్ వాళ్ళే ఏదో గడబిడ చేశారనుకున్నారు. సౌండ్ సౌండ్ అని అరుపులు మొదలయ్యాయి. యాదగిరి ముందు, మిగతావాళ్ళు వెనక, మెట్లెక్కి ఆపరేటర్ గదికి పోయారు. మేము వాళ్ళ వెనకే పరిగెత్తి చేరేసరికి యాదగిరి ఆపరేటర్ కాలర్ పట్టుకుని ఉన్నాడు. వయసు మళ్ళిన మనిషి. నా చేతుల ఏమున్నది బిడ్డా అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. యాదగిరి ఆయన చెంప మీద కొట్టాడు.

వాడు ముఖం మీది దస్తీ తీశాడు. యాదగిరి కాలర్ వదిలేశాడు.

"అన్నా, నీ గొంతు వస్తలేదే. వీడేందో చేసిండు" అన్నాడు యాదగిరి, దాదాపు ఏడుస్తూ.

అప్పుడు వాడు ఒక్క మాట చెబితే సరిపోయేది. వాడు నా వైపు చూశాడు. ఆపరేటర్ వైపు చూశాడు. ఆయన చెంప తడుముకుంటూ, నువ్వైనా చెప్పు అన్నట్టు వాడినే చూస్తున్నాడు.

"అవు తమ్మీ. థియేటర్ల సౌండే ఖరాబున్నది. మాపటికి మంచిగ చేస్తరు."

పిల్లలు నమ్మారు. నమ్మి, సాయంత్రం ఆటకు మళ్ళీ వచ్చారు. ఆ రోజు నుంచి వాడి మీద నాకున్న ప్రేమలో ఏదో విరిగింది. గొంతు అమ్ముకున్నందుకు కాదు, అది వాడిష్టం. తనను అంతగా నమ్మినవాళ్ళ ముందు ఏ తప్పూ చేయని పెద్దమనిషిని దోషిగా నిలబెట్టి పోయినందుకు.

సినిమా ఆడింది. తర్వాత ఇంకొన్ని వచ్చాయి, అన్నిట్లోనూ అదే నున్నటి గొంతు. హాస్టల్ పిల్లలు ఒక్కొక్కరే రావడం మానేశారు. వాళ్ళ చోటుకు కొత్త అభిమానులు వచ్చారు, జీపుల సంగతీ రేకుల గది సంగతీ తెలియనివాళ్ళు. ఒక కాలేజీ ఫెస్టుకు మమ్మల్ని పిలిచారు. వాడు ఊర్ల పాట ఎత్తుకున్నాడు. ముందు వరసలో ఉన్న అమ్మాయి పక్కదానితో, సినిమాలో అంత బాగా పాడాడు, ఇక్కడేంటే ఇలా ఉంది అనడం డ్రమ్స్ దగ్గర కూర్చున్న నాకే వినపడింది. వాడికి వినపడకుండా ఉంటుందా. పాట సగంలో ఆపేశాడు.

తర్వాతి ప్రోగ్రాంకు సినిమా పాట ట్రాకు పెట్టి పెదాలు కదిపాడు. నా డ్రమ్స్ చప్పుడు ట్రాకుకు అడ్డం రాకూడదని వాటి మీద బట్ట పరిచారు. బట్టల దుకాణంవాణ్ణి నేను, కొనేవాళ్ళ ముందు తప్ప ఇంకెక్కడా బట్ట పరవడం చూడలేదు. ఆ గుడ్డ మీద కర్రలు ఆడిస్తూ, చప్పుడు లేకుండా, చెమటలు కక్కుతూ నటించాను. జనం ఈలలు వేశారు. స్టేజీ దిగి కర్రలు వాడి చేతిలో పెట్టేశాను. బతిమాలుతాడనుకున్నాను. నీకు కోపం ఎక్కువ సేటూ అని మాత్రం అన్నాడు.

ఆ తర్వాత అప్పుడప్పుడు కనపడేవాడు. ఒకసారి భార్యను వెంటబెట్టుకుని షాపుకు వచ్చాడు. ఏవండీ, ఇక్కత్‌లో కొత్తవేమైనా వచ్చాయా అన్నాడు. ఆటపట్టిస్తున్నాడనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఇంట్లో కూడా ఇట్లనే మాట్లాడుతున్నడు అన్నా అంది. రోడ్డు మీద జనం ఆపి సెల్ఫీ తీసుకుంటూ ఒక డైలాగ్ చెప్పమంటారట. సొంత గొంతుతో చెబితే ముఖాలు వాడిపోతాయట, మీరు ఆయన కాదా అంటారట. అందుకని తనకు డబ్బింగ్ చెప్పినవాడి గొంతు తానే నేర్చుకున్నాడు. వాడు విన్నది మరిచిపోడని చెప్పాను కదా. ఆ గొంతు అచ్చంగా దింపాడు. చీర బేరం కూడా దాంతోనే ఆడాడు.

చివరిసారి వచ్చినప్పుడు ఒక్కడే వచ్చాడు. మధ్యాహ్నం, షాపులో జనం పల్చగా ఉన్నారు. సినిమాలు ఎప్పుడో ఆగిపోయాయి. కానీ కాలం తిరిగి, ఇప్పుడు తెరమీద తెలంగాణ మాటకే గిరాకీ. అటువైపు నుంచి వచ్చిన హీరోలు కూడా మనిషిని పెట్టుకుని మరీ మన యాస నేర్చుకుంటున్నారు. అలా ఒక కొత్త హీరోకు యాస నేర్పడానికి వీడిని పిలిచారట. పోయాడు, నేర్పాడు. కొన్నాళ్ళకు ఒక కుర్ర అసిస్టెంటు పక్కకు తీసుకెళ్ళి, సార్ మీది ఒరిజినల్‌గా అనిపించట్లేదు, మేము వేరేవాళ్ళను చూసుకుంటాం అన్నాడట. ఇదంతా నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. ఆ డైరెక్టరు మీద, ఆ అసిస్టెంటు మీద, వీడి మీద, అందరి మీదా ఒక్కసారిగా కోపం వచ్చింది. ఆ కోపంలోనే అన్నాను, ఒక్కసారి నీ గొంతుతో ఆ ఊర్లు పిలువురా, ఇక్కడే, నాకోసం అని.

చీరలు కట్టి చూసుకునే అద్దం ముందు నిలబడ్డాడు. అలవాటు పోలేదు, చెప్పులు విప్పాడు. ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. హయత్‌నగర్, చౌటుప్పల్, చిట్యాల. ఊర్లు వచ్చాయి. గొంతు రాలేదు. నున్నగా, తేనె పూసినట్టు, ఆ డబ్బింగ్ వాడే చౌటుప్పల్ అంటున్నాడు. వాడు ఆగి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అదే. పైకి పోయి చూశాడు, చీలుతుందేమోనని. చీలలేదు. చీరలు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు తిరిగి చూసి, గుర్తుపట్టి, సంబరంగా చప్పట్లు కొట్టారు. అచ్చం సినిమాలో లాగే ఉంది అన్నారు.

వాడు చెప్పులు వేసుకున్నాడు.

"ఏడ వోయిందో సేటూ. దేవులాడుతున్న గని దొరుకుతలేదు" అన్నాడు. ఆ మాట కూడా ఆ గొంతులోనే వచ్చింది.

ఫ్లెక్సీ చూసిన రోజు షాపు మూసి కర్మన్‌ఘాట్‌లో వాడి ఇంటికి పోయాను. గుండెపోటట. అప్పటికే శవయాత్ర బండి సిద్ధమైంది. పూలతో ముంచేశారు. వెనక డీజే డబ్బాలు, వాటిలో సినిమా పాట, లండన్, పారిస్, సింగపూర్. వాడి ముఖం అచ్చు వేసిన చొక్కాలు తొడుక్కుని కుర్రాళ్ళు బండి చుట్టూ చేరారు. వాళ్ళ ఏడుపు నిజమైన ఏడుపే. అందుకే వాళ్ళను తిట్టబుద్ధి కాలేదు.

గుంపులో ఒకతను నా భుజం తట్టాడు. జుట్టు నెరిసింది కానీ పోల్చుకున్నాను, యాదగిరి. నల్లగొండ వైపు ఏదో మండల ఆఫీసులో పనిచేస్తున్నాడట, వార్త చూసి బస్సెక్కి వచ్చాడు. ఇద్దరం బండి పక్కన నడిచాం. గొంతు మార్చిన సంగతి వాళ్ళకు తర్వాత ఎప్పుడో టీవీలో చూస్తే తెలిసిందట. ఆ తర్వాత ఆపరేటర్‌ను వెతుక్కుంటూ పోతే ఆయన పని మానేసి వెళ్ళిపోయాడట.

"గొంతు లేకున్నా మేం చూస్తుంటిమి అన్నా. మాకొక్క మాట చెప్తే అయిపోతుండె" అన్నాడు.

కొంత దూరం పోయాక జేబులోంచి ఫోన్ తీశాడు. ఏనాటిదో ఒక ప్రోగ్రాం, హాస్టల్ పిల్లవాడొకడు పాత ఫోనులో పట్టిందట. ఫోన్లు మారినప్పుడల్లా దాన్ని మార్చుకుంటూ వచ్చాడు. శబ్దం పెంచి మా ఇద్దరి మధ్య పట్టుకున్నాడు. ముందు కేకలు, తర్వాత నా దరువు, ఆ పైన వాడు. చిట్యాల. నార్కట్‌పల్లి. నకిరేకల్. ఎల్లమ్మగూడెం. పైకి పోయి చీలి, ఆ చీలిన చోటే నిలబడిన గొంతు. నేను బండి అంచు పట్టుకున్నాను. నాకు ఏడుపు అప్పుడు వచ్చింది. పూల కింద పడుకున్నవాడికి జానెడు దూరంలో వాడే పాడుతున్నాడు.

చొక్కా మీద వాడి బొమ్మ ఉన్న కుర్రాడొకడు మా దగ్గరికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. రెండు చేతులూ జోడించి, మర్యాదగానే అడిగాడు.

"పెద్దన్నా, జర ఆ ఫోన్ బంద్ చెయ్యుండ్రి. మా అన్న పాట వినవడ్తలేదు."

యాదగిరి ఫోన్ ఆపేశాడు.